మార్తమ్మ పాత గాలానికి రబ్బరు గొట్టం

కాడుగోడిలో మార్తమ్మ ఇల్లెక్కడని అడిగితే, ముందు ఆమె వేసే ఇంజెక్షన్ల గురించి చెబుతారు, ఆ తర్వాత చేపల గురించి. ఆసుపత్రిలో సీనియర్ నర్సు. సూది దిగినట్టే తెలియదని పేరు. శనివారం సెలవు దొరికిందంటే మాత్రం హొసకోట అవతల ఒక చెరువులో, పడవ మీద ఉంటుంది.

ఆ చెరువులో వాలుగలున్నాయి. వెడల్పాటి నోరు, నున్నటి ఒళ్లు, చిన్న చేపల్ని తరిమి మింగే రకం. ఒడ్డున కూర్చుని వానపాము గుచ్చి వేస్తే ఈ పెద్దవి రావు. పడవ మెల్లగా పోతుంటే వెనకాల కొక్కెం ఉన్న ఒక ప్లాస్టిక్ చేపని లాక్కుంటూ పోవాలి. దాని మూతికి చిన్న రేకు ఉంటుంది. లాగినకొద్దీ ఆ రేకు నీళ్లని తన్నుకుని లోతుకి దిగుతుంది, నిజం చేపలాగే ఒళ్లు ఊపుతుంది.

పడవ చేపలు పట్టేవాళ్ల క్లబ్బుది. అందులో గాలం వేసే చోట్లు రెండే. ఒకటి క్లబ్బు కార్యదర్శి పద్మనాభంగారిది, బ్యాంకులో రిటైరైన మనిషి. రెండోది మార్తమ్మది. ఆమె గాలం కర్రా, దారం చుట్టే రీలూ కృష్ణపట్నంలో సముద్రపు ఒడ్డున గాలం వేసిన పెదనాన్న ఇచ్చిపోయినవి. కర్ర లావు, వంగమన్నా వంగదు.

"బట్టలారేసుకోడానికి భేషుగ్గా ఉంటుంది సిస్టర్," అనేవారు పద్మనాభంగారు.

"మీ చొక్కాలు పంపండి సార్, ఆరేస్తాను," అనేది మార్తమ్మ.

నవ్వింది గానీ ఊరుకోలేదు. రీలు బ్రేకులోని తోలు బిళ్లలు ఎండి అట్టలైపోయాయి. చేప లాగినా దారం వదలడం లేదు. నగర్తపేటలో మిషన్ల సామాను చేసే రియాజ్ చేత కొత్త బిళ్లలు కోయించి, నూనెలో నానబెట్టి వేసింది. ఎంత దారం నీళ్లలోకి పోయిందో తెలియడానికి అక్కడక్కడా ఎర్ర నూలు ముడేసింది. అన్నీ కుదిరాయి. చేపే కుదరలేదు.

వరసగా రెండు శనివారాలు వాలుగ తగిలింది, రెండుసార్లూ తప్పించుకుంది. పెదనాన్న నేర్పింది ఒకటే: తగిలిందా, కర్రని భుజం మీదికి ఈడ్చి కొట్టు. అలలకి దారం వదులయ్యే సముద్రంలో అది సరే. ఇక్కడ పడవ ముందే లాగుతోంది. పైగా వంగని కర్ర. దానికి తోడు ఈ గుంజు కూడా పడితే కొక్కెం చేప నోరు చీల్చుకుని ఊడొస్తుంది.

"ఈసారి కూడా పోతే మీ చోటు కౌశల్‌కిస్తాను సిస్టర్. కొత్త రాడ్డు కొనుక్కుని, చోటు కావాలని బ్రూక్‌ఫీల్డ్ నుంచి రోజూ మెసేజీలు పెడుతున్నాడు. కోప్పడకండి," అన్నారు పద్మనాభంగారు.

కొత్తది తనూ కొనుక్కోగలదు. కానీ ఒక్క చేపైనా పట్టకుండా పెదనాన్న కర్రని అటకెక్కించడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఆ వారం వార్డులో ఒకాయన చేతికి, రక్తం తీయడానికి రబ్బరు గొట్టం బిగిస్తూ ఆగిపోయింది. గుంజితే సాగుతోంది, పట్టు మాత్రం వదలడం లేదు. "ఏమైంది సిస్టర్, నరం దొరకలేదా?" అన్నాడాయన బెదిరిపోయి. "నీది దొరికిందయ్యా. నాదీ దొరికింది," అంది మార్తమ్మ.

మందుల షాపులో అలాంటిదే జానెడు గొట్టం కొంది. ప్లాస్టిక్ చేపకి కాస్త ముందు, దారాన్ని గొట్టం లోపల్నించి వదులుగా పోనిచ్చి, గొట్టం రెండు కొసలూ దారానికి కట్టింది. చేప గుంజితే ముందు రబ్బరు సాగుతుంది. రబ్బరు తెగినా లోపల దారం ఉంటుంది.

శనివారం పొద్దున అది చూసి పద్మనాభంగారు, "చేపకి బ్లడ్ టెస్టా?" అన్నారు.

"షుగరుందేమో చూద్దామని!"

కర్రని పడవ అంచున బిగించిన పైపులో నిలబెట్టి, పడవ నడిపే పెద్దమునియప్ప తెడ్డేస్తుంటే ఎర్ర ముడులు చూసుకుంటూ దారం వదిలింది. చెరువు మధ్యకి వచ్చారో లేదో రీలు గిర్రుమంది. మార్తమ్మ చెయ్యి తనంతట తనే కర్ర మీదికి పోయింది.

"సుమ్మనే ఉండక్కా! చెయ్యి పెట్టొద్దు! పడవ లాగతా ఉండాది కదా!" అని అరిచాడు పెద్దమునియప్ప.

ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. సూది భయంతో ఎందరో అలా కూర్చోవడం చూసిందిగానీ, తను కూర్చోవడం ఇదే మొదలు. రీలు అరుస్తూనే ఉంది. దారం బిగిసింది, సడలలేదు.

"ఇంగ తియ్యక్కా," అన్నాడతను.

కర్ర తీసుకుంది. ఈడ్చలేదు. అది పోతానంటే పోనిచ్చింది, అలిసినప్పుడు చుట్టింది. పద్మనాభంగారు తన గాలం చుట్టి పక్కన పడేసి, వల పట్టుకుని పడవ అంచున మోకాళ్ల మీద కూర్చున్నారు.

"తొందరపడకండి సిస్టర్... అయ్యో, పడవ కిందికి పోతోంది... మెల్లగా తల్లీ, మెల్లగా!"

"మీరు ఊపిరి పీల్చుకోండి సార్!"

వల పైకి లేచేసరికి పడవ ఒక పక్కకి ఒరిగింది. వెండి రంగు వాలుగ, మార్తమ్మ చెయ్యంత పొడవు, చెక్కల మీద తోకతో దబదబా కొట్టింది. కొక్కెం దవడ మూలన గట్టిగా దిగి ఉంది. చిన్న చిరుగు కూడా లేదు. మార్తమ్మ వేసిన కేకకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"కౌశల్‌కి చెప్పేస్తానమ్మా, ఇక్కడ ఖాళీ లేదని," అన్నారు పద్మనాభంగారు, ఫోను తీసి ఫోటోకి గురి చూస్తూ.

"ఫోటో తర్వాత సార్. ఆ తెడ్డొకటి మీరందుకోండి," అంటూ మార్తమ్మ ప్లాస్టిక్ చేపని మళ్లీ నీళ్లలోకి జార్చింది. "ఇక్కడే ఇంకోటి ఉన్నట్టుంది."