మిరపకాయల పొగలో మా పిట్ట

ఈ సాయంత్రం నెల్లూరు బస్సు దిగి ఇల్లు చేరేసరికి వీధి గుమ్మం దాకా ఒకటే ఘాటు. మా అత్తగారు ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. వరండాలో ఉండాల్సిన లవ్‌బర్డ్ పంజరం పొయ్యి పక్కనే ఉంది! పిట్ట అడుగున కూలబడి, నోరు తెరిచి రొప్పుతోంది. పంజరం ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను.

“దీన్ని వంటింట్లో ఎందుకు పెట్టినారత్తా?”

“బయట పిల్లి తిరగతా ఉండాది. ఈ మాత్రం పొగకి ఏమవతాదిలే, గమ్మునుండు!” అన్నారు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ.

చాలాసేపటికి పిట్ట తేరుకుని కర్ర మీదికి ఎక్కింది. నా ప్రాణం కుదుటపడింది.

“చూసినావా, ఏం కాలా! రేపు ఎండుచేపలు వేయించాల. వాసనకి పిల్లి ఇంకా వస్తాది, పంజరాన్ని వంటింట్లోనే పెడతా.”

రేపు పంజరాన్ని నా గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్లాలి కాబోలు. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఇలాంటివి ఎలా చెబుతారండీ?