తిరగలి ఇంజనుకి మెదడు

పోయిన నెల నా కారు సర్వీసింగుకి ఇస్తే, షోరూములో ఒకమ్మాయి స్టీరింగు కింద చిన్న వైరు తగిలించి, ఫోనులో ఏదో నొక్కి, "అయిపోయిందండీ మేడమ్, ఇంజనుకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేశాను" అంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే అయిపోయింది. అంత నిశ్చింతగా జరిగినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు సరికదా, అరచేతులకి చెమట పట్టింది. "ఏసీ పెంచమంటారా అండీ?" అని అడిగింది పాపం. ఏసీకి ఆరే చెమట కాదది. ఇరవయ్యేళ్ళ నాటిది.

అప్పట్లో నేను బందరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. మా మావయ్య, అంటే అమ్మకి తమ్ముడు, గుడివాడలో రైసు మిల్లుల ఆయిల్ ఇంజన్లూ ట్రాక్టర్లూ బాగుచేసే షెడ్డు నడిపేవాడు. ఇంజను మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన, చేతినిండా లాభాలున్న రోజుల్లో, మద్రాసులో ఎవరో వదిలివెళ్ళిన జపాను కారొకటి ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత రొయ్యలకి తెగులొచ్చింది. కారు చెరువుగట్టు మీది రేకుల పాకలో ఏళ్ళ తరబడి ఉప్పుగాలి పీలుస్తూ ఉండిపోయింది. ఓసారి చెరువు ఇంజన్లు చూడ్డానికి వెళ్ళిన మావయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరగడం చూసి, "తీసుకెళ్ళండి మేస్త్రీగారూ, దాన్ని చూస్తే నాకు చచ్చిన రొయ్యలే కనిపిస్తున్నాయి" అన్నాడట ఆయన. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాడు మావయ్య. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి చూసిందట, ఊరేగింపు వచ్చినట్టు.

విప్పి చూస్తే ఆ ఇంజన్లో పిస్టన్లే లేవు. రెండు గదులు, ఒక్కో గదిలో మూడు మూలల ఇనప దిమ్మ. ఆ దిమ్మలు గిరగిరా తిరగడమే దాని పని. దిమ్మ మూలల్లో, గది గోడని ఒరుసుకుంటూ, పుల్లలంత సన్నటి లోహపు బద్దలుంటాయి. వాటిని సీళ్ళంటారు. ఇంజను ప్రాణమంతా వాటిలోనే ఉంది. కాఫీ ఇవ్వడానికొచ్చిన అత్తయ్య తొంగిచూసి, "ఇంతాచేసి తిరగలే కదండీ!" అంది. ఆ పేరే స్థిరపడిపోయింది. మావయ్య రెండేళ్ళు కష్టపడి, ఎవరెవరి చేతో సీళ్ళు తెప్పించి, తన చేత్తో సానపట్టి అమర్చాడు. ఇనుము వరకూ అంతా సిద్ధమయ్యాక, సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట ఒక డబ్బా దొరికింది. దాని మూత తీస్తే నిండా ఆకుపచ్చ చిలుము. ఏ క్షణాన ఎంత పెట్రోలు పొయ్యాలో, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలో ఇంజనుకి చెప్పే కంప్యూటరు అది. "ఇనుమైతే నాకు తెలుస్తుందమ్మాయ్. ఇది నీ చదువు. ఏ డబ్బా తేవాలో నువ్వే చూడు" అన్నాడు. నేను గర్వపడ్డాను. గర్వంతోపాటే భయం కూడా ఆ రోజే మొదలైంది.

కాలేజీ అయ్యాక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు టీ చల్లారిపోయేది. తేలిందేమిటంటే దారులు మూడు. అచ్చం పాతదాని లాంటి డబ్బానే వాడేసినది తెచ్చుకోవడం ఒకటి. కానీ దానికి పాత వైర్లన్నీ బాగుండాలి, మావి ఉప్పుకి పొడిపొడిగా రాలుతున్నాయి. విదేశంలో తయారైన పూర్తి డబ్బా తెప్పించడం రెండోది. మూడోది, విడి భాగాలు తెచ్చి ఎవరికి వారు అతుకుపెట్టి చేసుకునే కిట్టు. ఇలాంటి ఇంజన్లతోనే జీవితం గడిపిన న్యూజిలాండ్ షెడ్డు యజమాని ఒకాయన నా ఈమెయిల్ ఉత్తరాలకి ఓపిగ్గా జవాబులిచ్చేవాడు. మామూలు ఇంజన్లో నిప్పురవ్వ తప్పు సమయంలో పడితే చప్పుడొచ్చి ఊరుకుంటుందనీ, ఇందులో సీలు విరిగి ఇంజనే పోతుందనీ ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. నాకు నిద్రపట్టేది కాదు. అయినా నేను ఎంచుకున్నది మూడోదాన్నే. కారణాలు చాలా చెప్పాను. అసలు కారణం వేరు. మావయ్య సీళ్ళు సానపట్టినట్టు, నా చేత్తో నేను చేశానని అనిపించుకోవాలి.

అతుకులు బాగానే కుదిరాయి. కాలేజీ ల్యాబులో, డబ్బా ఇచ్చే నిప్పురవ్వ సంకేతాల్ని గీతలుగా చూపే ఆసిలోస్కోపుకి తగిలించి వారం రోజులు పరీక్షించాను. తెర మీద గీతలు గంటల తరబడి బుద్ధిగా నడిచాయి. ఒకే ఒక్కసారి, వేగం బాగా పెంచినప్పుడు, ఒక గీత తన చోటు వదిలి ఎగిరి మళ్ళీ సర్దుకుంది. ఇంకోసారి చేస్తే రాలేదు. వైరు కదిలిందేమోలే అనుకుని స్విచ్చి కట్టేశాను.

డబ్బా బిగించి మొదటిసారి కారు బయటికి తీశాం, నేనూ మావయ్యా. గుడివాడ దాటి బందరు రోడ్డెక్కాక, మావయ్య మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. తిరగలి పాడుతున్నట్టే ఉంది. పెడన ఇవతల రోడ్డు ఖాళీగా కనిపిస్తే కాస్త తొక్కాడు. వెనక్కి తోసినట్టయింది. మరుక్షణం 'టప్' మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత కారు కుంటడం మొదలుపెట్టింది. మావయ్య పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

మర్నాడు విప్పితే ఒక సీలు రెండు ముక్కలై ఉంది. ఆ ముక్కల్ని వెలుతురుకి పట్టి చూసి, "నేనే ఎక్కువ అరగదీశాను. చేతులకి వయసొచ్చేసిందమ్మాయ్" అన్నాడు. ఆ ఎగిరిన గీత నా కళ్ళముందు మళ్ళీ ఎగిరింది. ఆ సంగతి ఆయనకి చెప్పకుండానే బండెక్కి బందరు వచ్చేశాను. నాలుగు రోజులు పాఠాలు చెప్పాను, అన్నం తిన్నాను, నోటుబుక్కులు దిద్దాను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. నాలుగో రోజు అత్తయ్యే చేసింది. "మిల్లు వాళ్ళ ఇంజనొస్తే ఇంకో షెడ్డుకి పంపేశారే. తన చేతులింక పనికిరావంటున్నారు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అంది.

గుడివాడ పాసింజరు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నడిచింది ఆ రోజు. స్టేషను స్టేషనుకీ దిగి వెనక్కి పోదామా అనుకున్నాను. షెడ్డులో మావయ్య స్టూలు మీద ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అలా ఎన్నడూ చూడలేదు. నిలబడే చెప్పేశాను, "మావయ్యా, సీలుది కాదు తప్పు. నా డబ్బాది. నిప్పురవ్వ వెయ్యాల్సిన లెక్క ఒక్క క్షణం తప్పింది. ల్యాబులోనే చూశాను."

"చూశావా?"

"చూశాను. వైరు కదిలిందేమో అనుకున్నాను."

"అనుకున్నావా, అనుకోవాలని అనుకున్నావా?"

నేను తల దించుకున్నాను. తిడితే బాగుండునని చూస్తున్నాను. ఆయన తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుని, "అమ్మయ్య" అన్నాడు. లోపలికి కేకేశాడు, "ఏమేవ్, ఆ మిల్లు వాళ్ళకి ఫోను చెయ్యి. ఇంజను మళ్ళీ ఇక్కడికే తెమ్మను." ఆ తర్వాత నా వైపు తిరిగి, "మళ్ళీ చూడు డబ్బా" అన్నాడు.

"నేనా?"

"ఇంకెవరు? అది ఎలా పోతుందో ఈ జిల్లాలో నీకొక్కదానికే తెలుసు."

ఈసారి నా ప్రశ్నలే మారిపోయాయి. ఏ డబ్బా ఎన్ని పనులు చేస్తుందని అడగలేదు. ఏది తప్పు చేస్తే ఎలా చేస్తుందో, లెక్క తప్పినట్టు అనుమానం రాగానే నిప్పురవ్వ ఆపేసేది ఏదో అడిగాను. జరిగింది దాచకుండా న్యూజిలాండ్ ఆయనకి రాశాను. ఆయన కొత్త హంగులేవీ లేని ఒక పాత రకం పేరు చెప్పి, ఇదే ఇంజనుకి ఎన్నోసార్లు బిగించి తను సరిచూసుకున్న లెక్కలు పంపాడు. కొత్త సీళ్ళు కూడా ఆయన దగ్గరే దొరికాయి. డబ్బా వచ్చాక మావయ్యని ల్యాబుకి రప్పించి తెర ముందు కూర్చోబెట్టాను. ఆయనకి ఆ గీతలేవీ తెలియవు. అయినా రెండు వారాలు రోజూ వచ్చి, చెయ్యి ఆ డబ్బా మీద వేసి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

కొత్త డబ్బా కారులో బిగించాక, అవనిగడ్డ దాటి, కోడూరు మీదుగా హంసలదీవి దాకా వెళ్ళాం ముగ్గురం. నా ఒళ్ళో కాలేజీ నుంచి అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్, వెనక సీట్లో పులిహోర డబ్బాతో అత్తయ్య. దారి పొడుగునా, డబ్బా దాని తెర మీద చూపించే అంకెల మీంచి నేను చూపు తిప్పలేదు. పొలాలు చూసిన గుర్తు లేదు, మడ చెట్లు చూసిన గుర్తు లేదు. పాలకాయతిప్ప దగ్గర ఇసక మొదలయ్యే చోట మావయ్య కారాపి, "ఇంక ఊపిరి తీసుకోవచ్చే" అన్నాక గానీ తల ఎత్తలేదు. ఎదురుగా సముద్రం ఉంది.

ఆ తర్వాత ఆరేళ్ళు నడిచింది ఆ కారు, ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగకుండా. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ ఆరేళ్ళూ ఒక్క మధ్యాహ్నంలా అయిపోయాయి. మావయ్య తన చేతుల్ని అనుమానించుకుంటుంటే నేను నోరు మూసుకుని తిరిగిన ఆ నాలుగు రోజులు మాత్రం ఇంకా గడవనే లేదు.