తెల్లరాళ్ల మధ్య సార్వా నాట్లు

కాకినాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక పెద్దమనిషి, అమలాపురం పక్కన కొత్తగా వేస్తున్న ‘నగర్’లో రెండు ప్లాట్లకు అడ్వాన్సు ఇచ్చానంటూ అందరికీ కాజాలు పంచాడు. రెండు పంటలు పండే చేనును ప్లాటు అన్నందుకే నాకు ఒళ్లు మండింది. ఆ వారమే నా పాత విద్యార్థిని సుగుణ మా ఇంటికి వచ్చింది. ఆ చేల అంచునున్న దళితపేట ఆమెది, అక్కడి బడిలోనే టీచరు. “మేడమ్ గారండీ, సోమవారం కంపెనీవాళ్లు సత్తిరాజు గారి చేత సంతకం పెట్టించుకోడానికి వస్తన్నారండి. నీళ్ల బోదె ఆయన చేలోంచే కదండీ. ఆయన కూడా ఇచ్చేస్తే కింది చేలకి నీరుండదు, మా అమ్మావాళ్లకి పనుండదు” అంది. కాజా తిన్నందుకు నన్ను నేనే తిట్టుకుని, సోమవారానికి సెలవు పెట్టేశాను.

కాకినాడ నుంచి అమలాపురానికి చాలామంది రావులపాలెం వంతెన మీదుగా చుట్టుతిరిగి వెళతారు. మీరు కోటిపల్లి దారి పట్టండి. తెల్లవారగానే బయలుదేరే బస్సెక్కితే రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి ఎనిమిదింటికల్లా రేవులో ఉంటారు. అక్కడ పెసరట్టు తిని లాంచీ ఎక్కాలి. బస్సు, లాంచీ, పెసరట్టు అన్నీ కలిపినా పది రూపాయలు దాటదు. ఆషాఢం కావడంతో గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. అవతలికి ఎంతసేపు పడుతుందని లాంచీ నడిపే సరంగును అడిగాను. “గోదారమ్మ ఇష్టమండి. మరీ తొందరైతే మీరు ఈదేయండి, టిక్కెట్టు డబ్బులు తిరిగిచ్చేస్తాను” అన్నాడు. ముక్తేశ్వరం రేవులో దిగి అమలాపురం బస్సెక్కాను. దారి పొడవునా మెరక మీద కొబ్బరితోటా ఇల్లూ, పల్లంలో వరి. నీటితో తరతరాలు కాపురం చేసిన మనుషులు నేలను పంచుకున్న తీరు అది. పట్నం కంపెనీకి మాత్రం పల్లం చవగ్గా కనిపించింది.

ఊళ్లోకి వెళ్లకముందే, సుగుణ చెప్పిన మలుపు దగ్గర దిగాను. సిమెంటు కమాను, దాని మీద రంగుల బోర్డు. కమాను వెనక, కాలువలు కట్టేసి నీళ్లు ఆపిన వేసవిలో, సత్తిరాజు గారి సంతకానికి కూడా ఆగకుండా ఆయన చేలో ప్లాట్ల హద్దులకని పాతిన తెల్లరాళ్లు ఇప్పుడు బురదలో తలో పక్కకీ ఒరిగిపోయి ఉన్నాయి. గట్టు మీద సత్తిరాజు గారు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. పక్కన కంపెనీ ఏజెంటు, చేతిలో కాగితాలు. సత్తిరాజు గారు నన్ను గుర్తుపట్టాడు.

“రండి లెక్చరర్ గారూ! నిరుడు కోతలప్పుడు కూలి పెంచమని మా ఇంటి ముందు ఉపన్యాసం ఇచ్చేరు. ఇప్పుడు నా గట్టు మీదకే వచ్చేరు. గొడుగు పట్టమంటారా?”

“నిరుడు అన్నమాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. చేనే లేకపోతే కూలి ఎవరినడగాలి?” అన్నాను.

ఏజెంటు నవ్వాడు. “మేడమ్, మీరు అభ్యుదయవాదులు. పేదలకి ఇళ్లు వద్దంటారా?”

నాకు కావలసింది అదే. “ఏ పేదలకయ్యా? ఈ రాళ్ల మధ్య ఒక్క గజం నేల ఈ పేటలో ఎవరు కొనగలరు? నువ్వు మట్టి పోసి పల్లాన్ని మెరక చేస్తే, ఇక్కడ నిలిచే వాననీరు ఎవరి ఇళ్లలోకి పోతుంది? నీ ప్లాట్లు కొనేవాళ్లు కాకినాడ స్టాఫ్ రూముల్లో కాజాలు పంచుకుంటున్నారు...”

“మేడమ్ గారండీ, ఆ ఉపన్యాసం మధ్యాన్నం ఇద్దురు గాని. ఈలోగా నారు వడిలిపోద్దండి” అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. సుగుణ తల్లి మార్తమ్మ. ఆమె వెనక పేట ఆడవాళ్లంతా, నెత్తిన నారు కట్టలతో.

ఆ నారు సత్తిరాజు గారిదే. చేను అమ్మాలా వద్దా అన్నది తేల్చుకోకుండానే ఆయన అలవాటు కొద్దీ నారు పోయించి, నాట్లకు చేను బురదగా దున్నించి దమ్ము కూడా చేయించాడు. బేరం బుర్రకెక్కినా చేతులింకా రైతువే.

“ఎవరు పిలిచేరు మిమ్మల్ని?” అన్నాడు.

“ముదిరిపోతన్న నారు పిలిచిందండి” అంది మార్తమ్మ.

కానీ ఎవరూ చేలోకి దిగలేదు. ఈశాన్యం మూల మొదటి మొక్క నాటాల్సింది రైతే. ఆయన చెయ్యి పడకుండా ఇక్కడ నాట్లు మొదలుకావు. మార్తమ్మ ఒక నారు కట్ట ఆయన ముందు పెట్టింది. ఏజెంటు పెన్ను మూత తీశాడు.

“నిరుడు కోతకి రాకుండా నా పంట తడిపేసేరు. ఇవాళ ప్రేమొచ్చిందా?” అన్నాడు సత్తిరాజు గారు.

“ప్రేమ కాదండి, బేరం. కూలి మేమడిగినంతా ఇవ్వాలి. కాలవ పక్క మీ మెరక ముక్క, ఇళ్లస్థలాలకి మాకు చేని ధరకే ఇవ్వాలి. మా ఒక్కింట్లో మూడు కుటుంబాలండి. ఇళ్లు మాకూ కావాలి. మెరక మీద కావాలి.”

“ఇంకేం, నన్ను కూడా పట్టుకుపోండి!”

“మీరెందుకండి బాబూ, మీ ఇంట్లోవాళ్లే వేగలేకపోతన్నారు.”

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. సత్తిరాజు గారు నవ్వు ఆపుకుని, “మెరక ఇస్తాను. కూలి దగ్గర కాస్త తగ్గండి” అన్నాడు.

“తగ్గమండి.”

ఆయన చెప్పులు గట్టు మీద విడిచాడు. “ఆయ్, సరే” అన్నాడు చివరికి. గొడుగు ఏజెంటు చేతికిచ్చి, “ఇది కాస్త పట్టుకోండి బాబూ” అని పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు. ఒక చేతిలో పెన్ను, మరో చేతిలో గొడుగుతో ఏజెంటు గట్టు మీద మిగిలిపోయాడు. ఆడవాళ్లు ఆ తెల్లరాళ్ల చుట్టూ తిరుగుతూనే నాట్లు వేశారు.

మధ్యాహ్నం సత్తిరాజు గారింటి పప్పుచారూ, మార్తమ్మ తెచ్చిన ఎండురొయ్యల వేపుడూ ఒకే గట్టు మీద కూర్చుని తిన్నాం. దీంతో కులం పోయిందని నేను చెప్పను. రేపు కూలి దగ్గర వీళ్లు మళ్లీ పోట్లాడుకుంటారు, పోట్లాడుకోవాలి కూడా. నేను ఇవ్వాల్సిన ఉపన్యాసం మాత్రం ఎవరూ అడగలేదు.

వానాకాలపు పంట సార్వా కోతలకు మళ్లీ వెళ్లాను. రోడ్డుకు అవతల కొన్ని చేలు అమ్ముడైపోయి, ముళ్లతీగల వెనక తుంగ పెరుగుతోంది. ఇవతల, సత్తిరాజు గారి బోదె కింద మాత్రం పొలమంతా కుప్పలే. మెరక ముక్కలో సుగుణావాళ్ల పునాది లేచింది. పీకేసిన తెల్లరాళ్లు పేట రేవులో వరసగా పరిచి ఉన్నాయి, మార్తమ్మ వాటి మీద బట్టలుతుకుతోంది. పురాతన పట్టణమని అమలాపురాన్ని పొగిడేవాళ్లు గుళ్లు చూసి వెళ్లిపోతారు. దానికి ఇన్నాళ్లూ తిండిపెట్టిన ఈ చేలను, వాటిని నిలబెట్టుకున్న ఈ చేతులను నేను చూశాను. అభ్యుదయం గురించి పాతికేళ్లుగా గొంతు చించుకుంటున్న నేను, ఆ గట్టు మీద నోరు మూసుకుని నిలబడ్డ ఆ కాసేపటికి ఇంతగా గర్వపడతాననుకోలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్కమాట, మా స్టాఫ్ రూము పెద్దమనిషికీ ఇదే చెప్పాను. వేసవిలో కాలువలు కట్టేశాక కోనసీమలో ఏ నేలైనా ఇంటిస్థలంలాగే కనిపిస్తుంది. ఎవరైనా ప్లాటు చూపిస్తామంటే ఆషాఢంలో వెళ్లండి, చెప్పులు చేత్తో పట్టుకుని.