మడమలు రుద్దిన పన్ను

ఆ ఆదివారం పొద్దున బీదర్‌లో మా ఇంటి పెరట్లో ఉన్నవాళ్లు: అమ్మ, అక్క, హైదరాబాదు నుంచి వచ్చిన బావ, నేను. ఉన్న వస్తువులు: నీళ్ల గంగాళం, రాగి చెంబు, సున్నిపిండి డబ్బా, మడమలు రుద్దుకునే రాయి. పోలీసు చర్య జరిగి అప్పటికి ఐదారేళ్లయింది. నేను మంజీరా మీద వంతెన పనిలో ఓవర్సీరుని.

ఆ రాయి నేను తెచ్చిందే. స్తంభానికి పునాది తవ్విస్తుంటే పద్నాలుగు అడుగుల లోతున, గులకరాళ్ల పొరలో దొరికింది. పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు మూడు. పైన అడ్డంగా గరుకు గీతలు. అమ్మకు మడమలు పగులుతాయని సైకిలుకు కట్టుకొని తెచ్చాను. ఏడాదిగా ఇంటిల్లిపాదీ దానితోనే కాళ్లు తోముకున్నాం.

బావ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. రాయిని ఎండకు పట్టి చూసి గట్టిగా నవ్వాడు.

"అత్తమ్మా, ఏనుగుల ముత్తాత దవడపన్నుతోని కాళ్లు తోముకుంటున్నరు! గిసొంటి ఏనుగు ఇప్పుడు లోకంల లేదు."

"అయ్యో, పన్నా! ఎంగిలిది, ఏడాది సంది వాడితిమి గదా" అంటూ అమ్మ చేతులు కడుక్కుంది.

అక్క నా వైపు తిరిగింది. "ఇంజినీరు సాబ్, టేపు పెట్టి కొలిచినవు గదా. పన్నో రాయో తెల్వలేదా?"

నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నానికి ఇరుగుపొరుగంతా వచ్చారు. "మా అల్లుడు కనిపెట్టిండు" అని అమ్మ ప్రతివాళ్లకూ చెప్పింది. తెచ్చింది నేనని ఒక్కరితోనూ అనలేదు. ఈ పన్ను సన్నని పలకలు పక్కపక్కన అతికినట్టు ఉంటుందనీ, ఏ కాలపు ఏనుగో తేల్చడానికి ముందు పలకలు లెక్కపెట్టాలనీ బావ వివరించాడు. అతను చెప్పిందంతా నాకు నచ్చింది. అందుకే కడుపు ఇంకా మండింది.

సాయంత్రం పన్నుతో పాటు కాలేజీకి ఇవ్వడానికి బావ ఒక కాగితం రాశాడు. 'కనుగొన్నవారు' అన్నచోట తన పేరే పెట్టుకున్నాడు.

"బావా, భూమిలకెల్లి తీయించింది నేను గదా? నా పేరు గూడ రాయి."

"నువ్వు తెచ్చింది రాయి, బామ్మర్దీ. దాన్ని పన్ను జేసింది నేను."

కింద 'పలకలు పదకొండు' అని రాసి, పన్నును గుడ్డలో చుట్టమని నాకిచ్చి పక్కగదిలోకి వెళ్లాడు. చుట్టేముందు చివరి అంచును పిన్నీసుతో గీకాను. ఏడాదిగా పేరుకున్న సున్నిపిండి గట్టిపడి ఉంది. అది ఊడితే కింద ఇంకో పలక కనిపించింది. అటునుంచీ ఇటునుంచీ రెండుసార్లు లెక్కపెట్టాను. బావను పిలిస్తే వినిపించేంత దూరమే. పిలవలేదు. ఊడిన పిండిని తడిపి, మళ్లీ అదే సందులో నొక్కి, గుడ్డ చుట్టేశాను.

కొన్ని నెలలకు వాళ్ల కాలేజీ గాజు బీరువాలో చూశాను. చీటీ మీద బావ పేరు, దాని కింద 'పలకలు పదకొండు'. అక్క రెండుసార్లు చదివించుకొని మురిసిపోయింది.

పలకలు పన్నెండు.