పార్కు బెంచీ మీద ఎంచుకున్న దేశం

మొన్న శుక్రవారం మా మామా పెద్దకూతురు వంటింట్లో నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. మామా అంటే మేనమామ అనుకునేరు. కువైట్‌లో ఇంటిపనులు చేసే మాలాంటివాళ్ళం యజమానురాలిని అలాగే పిలుస్తాం. ఈ పిల్లను పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచీ పెంచినదాన్ని నేను. ఇప్పుడు లండన్‌లో పెద్ద ఉద్యోగం చేస్తోంది, సెలవు మీద కువైట్‌లో ఎగైలా పేటలోని ఇంటికి వచ్చింది. అక్కడి ముసురూ, అద్దెలూ, రైళ్ళలో తోపులాటా విసుగెత్తిపోయి బ్రిటన్ వదిలి ఇంకో దేశం వెళ్ళిపోదామనుకుంటోందట. ఏ దేశమైతే బాగుంటుందో తేల్చుకోవడానికి ఒక పట్టిక వేసుకుంది. కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్నీ వరసగా రాసి, ఒక్కోదానికి ఎదురుగా జీతానికి ఇన్ని, వాతావరణానికి ఇన్ని, అమ్మకు ఎంత దూరమో దానికి ఇన్ని అని మార్కులు వేసుకుంటూ, నువ్వయితే ఎక్కడికి వెళ్తావు అని నన్ను నవ్వుతూ అడిగింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఈనెలు గిన్నెలోనూ, కాయలు చెత్తబుట్టలోనూ పడుతున్నాయని కాసేపటికి గానీ చూసుకోలేదు.

ముందుగా మీకో సంగతి చెప్పుకోవాలి. నేను కోతలు కోస్తాను. అబద్ధాలాడను సుమండీ, అబద్ధం ఎదుటివాడి కొంప ముంచడానికి ఆడేది, కోత ఎదుటివాడికి కాలక్షేపం కోసం కోసేది అని చాలాకాలం గట్టిగా నమ్మినదాన్ని. మొదటిసారి సెలవు మీద కోనసీమలో మా ఊరు వెళ్ళినప్పుడు, కువైట్‌లో ఇంటింటికీ రెండు కుళాయిలుంటాయనీ, ఎడమచేతి వైపుది తిప్పితే నీళ్ళూ, కుడిచేతి వైపుది తిప్పితే పెట్రోలూ వస్తాయనీ చెప్పాను. మా వీధిలో ఒక పెద్దావిడ పాపం చాలాసేపు ఆలోచించి, చీకట్లో కుళాయి మారిపోతే పప్పు కంపు కొట్టదా అమ్మాయ్ అని అడిగింది. అందుకే పప్పు పగలే వండేస్తాం అన్నాను.

నా కోతల్లో ఒక్క ముక్క కూడా ఏనాడూ నమ్మని మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, మా వదిన. మా మేనమామ కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళయిన మూడో ఏడు మా ఆయన రాజమండ్రిలో ఇంకో కాపురం పెట్టేసి, నన్ను పుట్టింట్లో దిగబెట్టి, దిగబెట్టిన సంగతే మర్చిపోయాడు. ఏడవడం తప్ప వేరే పని లేకుండా కూర్చున్న నాకు వీసా తెప్పించి, విమానంలో కిటికీ పక్క సీటు నాకిచ్చి, తాను వంట చేస్తున్న ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పనిలో పెట్టించింది వదినే. వంట ఆవిడది, పిల్లలు నా వంతు. మేడ మీద ఇస్త్రీ గది పక్కన ఒక చిన్న గదిలో ఆరేళ్ళు పక్కపక్కనే పడుకున్నాం. ఆవిడ లేకపోతే నేను ఏమైపోయేదాన్నో తలుచుకోవడం కూడా నాకు ఇష్టముండేది కాదు.

ఎండలు ముదరగానే ఇంటిల్లిపాదీ లండన్ వెళ్ళి రెండు నెలలు ఉండి రావడం, వంటమనిషినీ పిల్లల మనిషినీ వెంట తీసుకుపోవడం అప్పట్లో ఇక్కడి కలిగిన ఇళ్ళల్లో ఆనవాయితీ. ఈ పిల్లకు ఆరేళ్ళు వచ్చిన ఏడు మమ్మల్నీ తీసుకెళ్ళారు. సాయంత్రం నాలుగు కొట్టేసరికి మేం దిగిన ఇంటి దగ్గరి పార్కు నిండా గల్ఫ్ పిల్లలు, బెంచీల నిండా మేము. శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఇండియా, ఎవరి బెంచీ వాళ్ళది. కువైట్‌లో ఒకే వీధిలో ఉండి కూడా ఒకరి మొహం ఒకరం చూసుకోనివాళ్ళం అక్కడ గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆ కబుర్లలోనే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ అసలు సంగతి చెప్పింది. ముసలివాళ్ళను చూసుకోవడానికి మనుషులు కావాలని చాలా దేశాలు అడుగుతున్నాయట. మనం పనిచేసే ఇంటివాళ్ళు మంచిగా ఒక ఉత్తరం రాసి రిలీజ్, అంటే పని వదిలి వెళ్ళే అనుమతి, ఇస్తే చాలట, మిగతా దరఖాస్తులన్నీ కెనడాలో ఉన్న వాళ్ళ అక్క పెట్టిస్తుందట. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, ఏ దేశమో ఎంచుకోండి అంది.

ఎంచుకోండి! మా ఇద్దరినీ ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. పెళ్ళికొడుకునూ ఎంచుకోలేదు, కువైట్‌నూ ఎంచుకోలేదు, కట్టుకునే చీర కూడా సగం సార్లు ఎవరో ఇచ్చిందే. మర్నాటినుంచి ఈ పిల్ల బొమ్మల అట్లాసు రోజూ సంచీలో పెట్టుకుని పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాం. అందులో ఒక్కో దేశం మీద ఒక్కో జంతువు బొమ్మ ఉండేది.

నా మనసంతా ఎలుగుబంటి బొమ్మ మీద, అంటే కెనడా మీద. మంచు చూడకుండా చచ్చిపోకూడదని నా కోరిక.

"కెనడాలో పాలు రంపంతో కోసి అమ్ముతారంట వదినా. అరకేజీ ముక్క, కేజీ ముక్క."

"మరి పెరుగో?"

"పెరుక్కి గొడ్డలి."

"సాల్లే సంబడం. ఆ పక్కన గొర్రెపిల్ల బొమ్మున్నాదే, అదేం దేశమే?"

అది ఐర్లాండ్. బ్రిటన్ పక్కనే ఉంది. అక్కడ ఏడాది పొడుగునా వాన పడుతుందనీ, ఎటు చూసినా పచ్చగా ఉంటుందనీ ఫిలిప్పీన్స్ ఆవిడ చెప్పగానే మా వదిన మొహం మారిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఇసుక చూసీ చూసీ ఎండిపోయిన మొహం అది. బియ్యం దొరుకుతాయా, పచ్చిమిరపకాయలు దొరుకుతాయా, మగాళ్ళు ఇంట్లో అరుస్తారా అని ఆవిణ్ణి మూడే మూడు ప్రశ్నలు అడిగి, ఇంక ఆ గొర్రెపిల్ల మీంచి వేలు తియ్యలేదు. సరే నీ గొర్రెల దేశానికే పోదాం అని నేనే ఒప్పుకున్నాను. నా ఎలుగుబంటిని వదులుకున్నానని ఆవిడకు తెలుసు. తెలిసే, ఆ పూట తన వంతు కేకు ముక్క కూడా నాకే పెట్టింది.

ఆపైన బెంచీ మీదే కూర్చుని, ఊహల్లో అక్కడి ఇల్లు సర్దుకోవడం మొదలైంది. రెండు గదులు. కిటికీ ఉన్న గది ఎవరిదన్న దాని మీద రెండు రోజులు మాటల్లేవు. ఆవకాయ జాడీ వంటింట్లో పెట్టాలని ఆవిడ, వానల దేశంలో బూజు పడుతుంది, నా మంచం కింద పెట్టాలని నేను. నవ్వకండి. కువైట్ ఇంట్లో మూడంతస్తుల్లో ఎక్కణ్ణుంచి ఎవరు ఎప్పుడు పిలిచినా పలకాలి, పలకకపోతే రెండోసారి పిలుపులో గొంతు మారుతుంది. తలుపేసుకుంటే, మళ్ళీ మేమే తీసేదాకా ఎవరూ కొట్టని గది ఒకటి కావాలి, అంతే. నాకు ఆ వయసులో అంతకన్నా పెద్ద కోరికేమీ లేదు.

మామాను ఎలా అడగాలన్నదే మిగిలింది. మామా చెడ్డమనిషి కాదు, కానీ వంటమనిషినీ పిల్లల మనిషినీ ఒకేసారి వదులుకోమంటే ఏ ఇల్లాలికైనా కష్టమే. ఒకరు ముందుగా అడిగి వెళ్ళిపోతే, రెండోవాళ్ళకు ఇంక రిలీజ్ ఏనాటికీ రాదు. అందుకని ఇద్దరం కలిసే అడగాలనీ, ఇద్దరికీ అయితేనే వెళ్ళాలనీ వదినే నియమం పెట్టింది, నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేసింది. అరబ్బీ నాకు బాగా వచ్చు గనక మాట్లాడేది నేను, పక్కన నుంచుని నేను కూడా అనేది ఆవిడ. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, కొన్న బట్టలన్నీ మంచం మీద పరుచుకుని మామా మంచి సరదాగా ఉన్న సమయం చూసి లోపలికి వెళ్ళాం.

నేను చెప్పాను. జీవితంలో అంత నికార్సైన నిజం ఎప్పుడూ చెప్పలేదు. మామా మడతపెడుతున్న బట్ట అలాగే పట్టుకుని వదిన వైపు తిరిగి, నిజమేనా అంది. మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"దీని కథలు మీకు తెలియనివా మామా! నిన్న విమానం నేనే తోలతానంది, ఇవాళ ఐర్లాండ్ అంటంది. ఖలాస్, ఒదిలేయండి."

మామా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పిల్లల్ని పిలిచి చెప్పింది, వాళ్ళూ నవ్వారు. మీరు నమ్మండి, నమ్మకపోండి, నేను కూడా నవ్వాను. ముప్పయ్యేళ్ళుగా అలవాటైన నవ్వు, దానంతట అదే వచ్చేసింది.

వంటింట్లోకి రాగానే వదిన చెయ్యి పట్టుకుని అడిగాను.

"ఎందుకలా అన్నావే వదినా?"

"మామా మొకం సూడలేదా నువ్వు? ఎంత ఎర్రబడిపోయిందో! అందుకే మాట మార్చేశాను. కువైట్ ఎల్లాక నిదానంగా అడుగుదారిలే, ఊరుకో."

మామా మొహం నాకైతే ఎర్రగా కనిపించలేదు. అయినా వదిన చెప్పింది కదా అని ఊరుకున్నాను.

కువైట్‌లో చలికాలం వస్తే ఎడారిలో గుడారాలు వేసుకుని కుటుంబాలన్నీ అక్కడే రోజుల తరబడి గడుపుతాయి. ఆ ఏడు పిల్లలతో నన్ను పది రోజులు గుడారాలకు పంపారు. వదిన ఇంటి దగ్గరే ఉండిపోయింది. బయల్దేరేటప్పుడు నాకు చలి ఎక్కువని తన ఉన్ని శాలువా కప్పి, గడ్డం పట్టుకుని కాసేపు చూసింది. పది రోజుల తర్వాత, తలనిండా ఇసుకతో, వదినకు చెప్పడానికి బోలెడు కోతలతో తిరిగొచ్చేసరికి వంటింట్లో ఒక శ్రీలంక ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. మేడ మీద మా గదిలో రెండో పరుపు చుట్టి గోడకు ఆనించి ఉంది.

మామా నన్ను చూసి ఆశ్చర్యపోయింది, నీకు చెప్పలేదా అంది. లండన్‌లోనే, మేం ఇద్దరం వెళ్ళి అడగడానికి వారం ముందే, వదిన ఒంటరిగా వెళ్ళి ఉత్తరం అడిగిందట. పిల్లల్ని వదిలి మా మరదలు ఎక్కడికీ రాదు, అది ఇక్కడే ఉంటుంది, నాదీ పూచీ అని చెప్పి ఒప్పించిందట. పైగా, అది కూడా వస్తానని సరదాకి మీతో వేళాకోళం ఆడుతుందేమో, పట్టించుకోకండి, నా ప్రయాణం సంగతి దానికి నేనే చెప్పుకుంటాను అని ముందే చెప్పి పెట్టిందట. మామా అదంతా నవ్వుతూనే చెప్పింది, పాపం, ఆవిడకేం తెలుసు. నాకు మాత్రం ఆ పూట నేను కోసిన కోతలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నేను కాలక్షేపానికి చేసిపెట్టిన వస్తువును తీసుకుని ఆవిడ ఎంత పదును పెట్టుకుందో చూడండి.

నెల తిరిగాక ఒక ఫొటో వచ్చింది. మోకాళ్ళ లోతు మంచులో నల్లకోటు వేసుకుని మా వదిన. ఐర్లాండ్ కాదు, కెనడా. ఫిలిప్పీన్స్ ఆవిడ అక్క ఉన్నది అక్కడే గనక పని తొందరగా కుదిరిందట. పోతే పోయింది, తన గొర్రెల దేశానికన్నా పోయుంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. నేను ఆవిడ కోసం వదులుకున్నదాన్నే ఎత్తుకుపోయింది. ఆ ఫొటో చింపలేదు. చింపడానికి రెండుసార్లు తీసి, రెండుసార్లూ ఆవిడ చేతులకు గ్లవుజులు ఉన్నాయా లేవా అని చూసుకుని లోపల పెట్టేశాను.

తర్వాత రిలీజ్ అడగలేదు. అడిగితే మళ్ళీ నవ్వుతారని భయం. ఒక మనిషి మాట మీద నమ్మకం పోతే బాధే, కానీ తన మాట తనకే నమ్మకంగా వినిపించకపోవడం ఇంకో రకం బాధ. అలా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, కొత్తది వేయించుకుంటూ, పిల్లల్ని పెద్ద చేస్తూ, ఇన్నేళ్ళు ఇక్కడే గడిచిపోయాయి.

పోయిన ఏడు హఠాత్తుగా వదిన ఫోన్ చేసింది. ఎలా ఉన్నావే, నా మీద ఇంకా కోపమేనా అని అడిగింది. ఒక్కరికే దారి ఉందని తెలిసిపోయిందనీ, ఆ ఒక్కరూ నువ్వవుతావేమోనని భయమేసిందనీ చెప్పింది. పదిహేడేళ్ళుగా ఆవిడను అనాలని దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి, కొన్ని అరబ్బీలో కూడా ఉన్నాయి. వాటి బదులు నాకు అలవాటైన పనే చేశాను. నాకేం వదినా, మామా మేడ మీద నాకోసం వేరే రెండు గదుల ఇల్లు కట్టించింది, కిటికీలు కూడా ఉన్నాయి, సాయంత్రమైతే తలుపేసుకుంటాను, ఎవరూ పిలవరు అన్నాను. అని, సాల్లే సంబడం అని ఆవిడ నన్ను తిడుతుందేమోనని ఆశగా ఎదురుచూశాను. ఆవిడ తిట్టలేదు. పోనీలేవే, సుఖంగా ఉన్నావు, నాకదే సాలు అని ఏడ్చింది. పసుపుతాడు కట్టినవాడు చేసినదానికన్నా, మంచులో ఫొటో పంపినదానికన్నా, అప్పుడు నాకు ఎక్కువ బాధేసింది. నన్ను ఎరిగిన ఒక్క మనిషి, తనకు సుళువవుతుందని, నా మాట నమ్మేసింది.

ఈ కాలం పిల్లలకు ఈ బెడద లేదు. మా పిల్లకు ఎవరి ఉత్తరమూ అక్కర్లేదు, ఎవరి రిలీజూ అక్కర్లేదు, ఎవరి తల మీదా ఒట్టు వెయ్యక్కర్లేదు. తన మార్కులు తాను వేసుకుని తాను వెళ్ళిపోతుంది, వెనకాల ఎవరూ మోసపోరు. ఇది మంచి మార్పేనని మన ఈడువాళ్ళం ఒప్పుకోవాలి. నేను ఐర్లాండ్ అన్నాను. ఎందుకూ అంది. వానలు బాగుంటాయట అన్నాను. దాని ఎదురుగా ఒక మార్కు ఎక్కువ వేసింది, కానీ ఇంత గట్టిగా ఎలా చెప్తున్నావు, నువ్వు చూశావా అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, అక్కడ కిటికీ గది ఎవరిదో తేలక ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదని, చివరికి ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ దేశంలో అడుగు పెట్టలేదని.