విభూతితో తోమిన వెండి ముక్క

శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ విభూతి తడిపి వెండి కుందులు తోముతుంటే ఆ తడి బూడిద వాసన హాల్లోకి వస్తుంది. పేపరు చదువుకుంటున్న నేను ఉలిక్కిపడతాను. ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసనకి నాకు ముందు భయం వేస్తుంది, ఆ వెనకే నవ్వొస్తుంది. రెంటికీ కారణం రాజ్యలక్ష్మి గారే.

ఆవిడ విజయవాడ పటమటలో రక్తపరీక్షల ల్యాబు నడిపిన డాక్టరు. నేను అక్కడ కొత్తగా చేరిన టెక్నీషియన్ని. ఎంత చిన్నవాళ్ళనైనా 'గారు' అనే పిలిచేవారు, తిట్టినా 'గారు' తగిలించే తిట్టేవారు. ఆవిడకున్న పిచ్చి ఒక్కటే, పాత నాణేలు. వాటిలోనూ నిండు నాణేలు ఆనేవి కావు, ముక్కలే కావాలి. వెనకటికి కరీబియన్ దీవుల్ని ఏలిన దొరలు చిల్లర దొరక్క, స్పెయిన్ వెండి నాణేల్ని ఉలితో ముక్కలు కొట్టి, ఒక్కో ముక్క మీద తమ దీవి ముద్ర గుద్ది చలామణీ చేసేవారట. అలాంటిదొకటి వేలంలో కొనడానికి ఆవిడ కొత్త కారు ఆలోచనే మానుకున్నారు. దాన్ని భూతద్దం కింద పెట్టి మా అందరికీ చూపించి మురిసిపోయారు. నా కంటికి మాత్రం అది నల్లబడిన ఆవకాయ ముక్కలా కనిపించింది.

ఆ ఆదివారం వన్ టౌన్‌లో నాణేలు సేకరించేవాళ్ళ ప్రదర్శన ఉంది. ఆవిడ ఆ ముక్కని మొదటిసారి నలుగురికీ చూపించబోతున్నారు. శనివారం ఆవిడ భోజనానికి వెళ్ళగానే, ల్యాబులో దేవుడి పటం దగ్గరున్న విభూతి తీసుకుని దాన్ని తళతళలాడేలా తోమేశాను. అప్పట్లో మా ఇంట్లో వెండి తోమే వంతు నాదే మరి. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డారు.

"సూర్యం గారూ, ఏం చేశారండీ ఇది?"

"మురికిగా ఉందని, మేడమ్..."

"మురికేంటండీ, అది దాని వయసు. తోమిన నాణెం వంక ఎవరూ కన్నెత్తి చూడరు."

ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఇక ఆవిడ నన్ను నమ్మరేమోనని బెంగ పట్టుకుంది. సాయంత్రం వన్ టౌన్‌లో ఒక వెండి పనివాణ్ణి కనుక్కుని పరుగున వచ్చాను. "మందు పూసి మళ్ళీ నల్లగా చేసిస్తాడట మేడమ్. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది కదండీ" అన్నారావిడ. నాణెం పక్కన పెట్టే అట్ట తీసి, ఎక్కడ కోశారో, ఎవరు ముద్ర కొట్టారో రాసిన వరసలోనే కింద ఇంకో మాట చేర్చారు: 'విజయవాడలో విభూతితో తోమారు.' "మీ పేరు రాయలేదు లెండి. దీన్ని కోసినవాళ్ళూ ఉన్నారు, గుద్దినవాళ్ళూ ఉన్నారు, ఇప్పుడు మీరు. దాచకుండా ఉంటే చాలు." మర్నాడు ఆ అట్ట చదివి నవ్వనివాళ్ళు లేరు. అందరికన్నా ఎక్కువ ఆవిడే నవ్వారు.

ఏడాది తర్వాత నేను పొరపాటున రెండు రక్తం సీసాల చీటీలు తారుమారు చేశాను. రిపోర్టులు వెళ్ళిపోయాయి, ఎవరూ కనిపెట్టలేదు. చాలాసేపు ఆవిడ గది గుమ్మం దగ్గర తచ్చాడి, చివరికి లోపలికెళ్ళి చెప్పేశాను. ఆవిడ వెంటనే ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, మళ్ళీ పరీక్షలు చేయించి, కొత్త రిపోర్టుల మీద 'సవరించినది' అన్న ముద్ర నా చేతే వేయించారు. "ఈసారి విభూతి వాడలేదు కదండీ?" అన్నారు. ఏడవబోతున్నవాణ్ణి నవ్వేశాను.

కూచిపూడి దగ్గర సొంతూరికి వెళ్ళిపోయేటప్పుడు ఆవిడ ల్యాబుతో పాటు ఆ ముక్కనీ, అట్టనీ నాకే అప్పగించారు. ఇప్పుడు నా గుమ్మం దగ్గర ఎవరైనా తచ్చాడుతుంటే ముందు ఆ అట్ట చదివిస్తాను, తర్వాతే ఏం జరిగిందని అడుగుతాను. వెండి ముక్క అంచులు తమంతట తామే మళ్ళీ నల్లబడుతున్నాయి. మా ఆవిడ కంట పడకుండా దాన్ని ల్యాబులోనే దాచుకున్నాను.