పడిపోయిన రెండు గూటాలు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే రాస్తున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

గద్వాల చుట్టుపక్కల పల్లెల్లో విత్తనం కోసమే పండించే సీడు పత్తి వేస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి లోపలి పుప్పొడి తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి వాటికి రాస్తారు. కొన్ని మొగ్గలు ఒలవడం మరిచిపోతే విత్తనం కల్తీ అవుతుంది. అది తేల్చడానికే జీవోటీ అనే పరీక్ష. ప్రతి రైతు విత్తనంలోంచి కొంత తీసి, వేరే చేలో ఒక్కొక్కరిది ఒక్కో సాలుగా మొలిపిస్తాం. మొక్కలన్నీ ఒకే తీరుగా వస్తే పాస్. లేకపోతే ఫెయిల్, ఆ విత్తనం ఎవరూ కొనరు, ఆ ఏడు రైతు కష్టమంతా మట్టిపాలు. ఒక విత్తనాల కంపెనీ తరఫున ఆ సాళ్లు చూసే పని నాది. కంపెనీ పేరు అనవసరం. తప్పు నాది.

పదకొండేళ్ల కిందట, మొలకలు రెండాకుల మీద ఉండగా గాలివాన కొట్టింది. పక్కపక్క సాళ్లలో నంబర్లు రాసి పాతిన గూటాలు రెండు ఊడిపోయాయి. ఏ సాలు ఎవరిదో ముందే కాగితం మీద గీసి పెట్టుకోవాలి. బద్ధకించాను. రెండు గూటాలూ చేతిలో పట్టుకుని బురదలో నిలబడ్డాను. పెద్దసారుకు చెబితే? ఉద్యోగం కొత్త. మళ్లీ విత్తిద్దామంటే? ఎందుకని అడుగుతారు. ఇదే అయి ఉంటుందిలే అనుకుని ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పాతేశాను.

రెండు నెలలకు వాటిలో ఒక సాలు కల్తీగా తేలింది. దాని ముందున్న నంబరు జములమ్మది.

తన ఊళ్లో సగం మందికి మొగ్గ ఒలవడం నేర్పింది ఆమే. సంగతి తెలియగానే ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, ఇంకోపారి జూడుండ్రి. ఒక్క మొగ్గ గూడ నేను ఇడువలే. పొద్దుమీకి నేనే ఒలిచిన, పొద్దుగాల నేనే రాసిన."

నా చెమట ఆమెకు కనబడుతోందేమోనని భయం. అందుకే గొంతు పెంచాను. "పెద్దమ్మా, ఇందుల నీ మాట, నా మాట ఉండదు. ఇది సైన్సు. చేన్ల మొలిచిన మొక్క అబద్ధం చెప్తదా?"

ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. "అయితే నా కండ్లే మందగించినయేమో సారు. ఒలిచిననుకున్నది ఒలవకపోతిని గావచ్చు."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆ తర్వాత ఆమె మొగ్గ ముట్టుకోలేదని విన్నాను. తాయెత్తులు కట్టుకునేవాళ్లను చూసి నవ్వే మనిషిని నేను, ఏదైనా కళ్లారా చూస్తేనే నమ్మాలని పదిమందికీ చెప్పేవాణ్ని, మరి తన కళ్లారా చూసి చేసిన పనిని పక్కనపెట్టి నా నోటి మాటను నమ్మిన ఆమెకు నేను కట్టింది మరో తాయెత్తు కాదా? తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయిన నెల గద్వాల బస్టాండులో కనబడింది. నన్ను గుర్తుపట్టింది, పలకరించింది కూడా.

"కండ్ల దవాఖానకు పోయొస్తున్న సారు. చూపు మంచిగనే ఉందంటడు డాక్టరు. గాయనకేం తెల్సు? నీ చేన్ల తేలిన ముచ్చట అబద్ధమైతదా?"

నవ్వుతూనే అంది. ఇంతలో బస్సు వచ్చింది. ఆమె ఎక్కాక సంచి పైకి అందించాను. నేను చేయగలిగింది అంతే అయింది.

ఆ కల్తీ సాలు నిజంగా ఆమెదే కావచ్చు. కాకపోవచ్చు. నాకు తెలియదు. ఆ రోజు కూడా తెలియదు. తెలియదనే ఆ ఒక్క ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. జములమ్మ మాత్రం ఇంకా తన కళ్లను నమ్మడం లేదు.